తొంభై ఆరో పలక

కొలిమి వీధి, వెనక గది
చలికాలం మొదటి నెల, 4
నా ఉత్తరం: ఒకటి

చిరంజీవి పిచ్చుకకు నానమ్మ ఆశీస్సులు.

బండి ఎక్కేటప్పుడు నువ్వు ఏడవలేదు. మంచిది. నేనూ ఏడవలేదు. మనం చేయబోయే పనికి కళ్లు పొడిగా ఉండాలి.

నీ పెట్టె అడుగున, ఉన్ని శాలువా మడతలో రేకు డబ్బా ఉంది. అందులో ఆరు చెంచాల బూడిద. పలకకు మూడు చెంచాల చొప్పున రెండు పలకలు వస్తాయి. ఒకటి పాడైతే రెండోది. మూడోసారి అనేది లేదు, ఎందుకంటే ఆ తలుపు లోకంలో ఒక్కటే ఉండేది.

మన ఇంటి ఎరుపు సంగతి నీకు తెలుసు. అయినా కాగితం మీద ఉండటం మంచిది. కర్ర కాలేముందు చివరిగా ఏం చూసిందో, దాని బూడిద కలిసిన గాజు అది దాచుకుంటుంది. సూర్యుడు లేచిన మొదటి గడియలో ఆ గాజు గుండా వెలుగు పడితే ఎదుటి గోడ మీదో, నేల మీదో ఆ బొమ్మ కదులుతుంది. మాట వినిపించదు. మామూలుగా మనం వేసేది వంటింటి పొయ్యి బూడిద. అందులో కనిపించేదేముంది, గిన్నె అడుగు తప్ప! అందుకే మన పలకల్లోకి ఎవరూ తొంగి చూడలేదు. ఈసారి వేసేది కాలిపోయిన మన పనిశాల వెనక తలుపు బూడిద.

నీకు అప్పుడు తొమ్మిదేళ్లు. చెప్పాల్సినంత ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. ఏడేళ్ల అనాథను ఇంటికి తెచ్చి, నా కొడుకు పక్కన ఒకే పీట మీద కూర్చోబెట్టి పెంచాను. పని నేర్పాను. పెద్దవాడయ్యాక ఎరుపు పాళ్లు తనకూ చెప్పమన్నాడు. రక్తం పంచుకున్నవాళ్లకే చెప్తాం అన్నాను. మాటా మాటా పెరిగింది. ఆ మధ్యాహ్నమే వెళ్లగొట్టాను. దీపాల వేళకు నేను ముందు తలుపుకు తాళం పెట్టి వచ్చి, ఎప్పటిలాగే వెనక తలుపు దగ్గర మూడుసార్లు పిలిచి, లోపల ఎవరూ లేరని తేల్చుకుని తాళం వేశాను. తర్వాత వాడు తన దగ్గరున్న రెండో తాళం చెవితో తలుపు తీసి, పాత స్నేహం నటించి నీ నాన్నను లోపలికి పిలిచి, బయట తాళం వేసి నిప్పు పెట్టాడు. కాలిన చేతులతో ఆ తలుపు దగ్గరే దొరికాడు. గాజు పనివాళ్ల సంఘం అడిగితే నోరు విప్పలేదు. సంఘం పుస్తకంలో ఉన్న వాడి పనిముద్ర చెరిపి ఊరి నుంచి పంపేశారు. చెరిపింది ఒక ముద్ర. నాకు పోయింది కొడుకు. ఇది సమానమా?

ఇప్పుడు నువ్వు వెళ్తున్న ఊళ్లో ప్రార్థన మందిరం కిటికీ వాడి చేతిలో ఉంది. వాడికి ఎరుపు రాదు, అందుకే ఎరుపు వచ్చిన మనిషి కావాలని ఊరూరా కబురు పంపాడు. వాడి అవసరమే మనకు దారి. వసంతం మొదటి ఆదివారం పొద్దున ఆ మందిరం తెరుస్తారు. కిటికీ తూర్పు వైపుది. తలుపు చూసింది ఊరంతా చూస్తుంది. నేను ముందు వరసలో కూర్చుంటాను.

సాయంత్రం తలుపు వేసే ముందు మూడుసార్లు పిలవడం మరవకు, ఎవరి తలుపైనా సరే.

నానమ్మ

*

కిటికీల పనిశాల, అటక గది
చలికాలం మొదటి నెల, 13

నానమ్మకు నమస్కారాలు.

చేరాను. డబ్బా భద్రం. నన్ను పనిలోకి తీసుకున్నారు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగారు. "ఒక ముసలావిడ దగ్గర. చాలా కొట్టేది" అన్నాను. అబద్ధం సగమే.

మందిరం వెనక పాత ధాన్యం కొట్టును పనిశాల చేశారు. ఒక చివర బట్టీ, ఇంకో చివర పొడవాటి బల్ల. బల్ల మీద సున్నం పూసి దాని మీదే కిటికీ బొమ్మ అంతా గీశారు. గాజు కోసేది ఒకావిడ. అందరూ కోత అక్క అంటారు. మొదటి రోజే నాతో, "మేస్త్రి తిడతాడని భయపడకు పిల్లా, ఆయనకు తిట్టడం రాదు. తిట్లు నా శాఖ. నాకు భయపడు" అంది.

ఇక వాడు, అంటే ఆ మేస్త్రి. వాడి చేతులు కరిగి మళ్లీ గడ్డకట్టిన మైనంలా ఉన్నాయి. అరచేతుల్లో చర్మం లేదు, మచ్చలే. వేళ్లు ముడుచుకోవు. బొగ్గుముక్కను మణికట్టుకు గుడ్డతో కట్టుకుని గీస్తాడు. చూడగానే నాకు కలిగింది సంతోషమే, నిజం చెప్తున్నాను. ఇంకా కాలాల్సింది అనుకున్నాను.

బొమ్మ ఏమిటంటే, ఇల్లు వదిలి వెళ్లిన కొడుకు చిరిగిన బట్టలతో తిరిగొస్తుంటే తండ్రి ఎదురు పరిగెడుతున్నాడు. ఒక కాలి చెప్పు ఊడిపోయింది. వెనక ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. తండ్రి అంగీకి ఎరుపు కావాలి. నేను ఊరుకోకుండా, "ముసలాయన ఇలా పరిగెడితే హుందాగా లేదు" అన్నాను. మేస్త్రి బొగ్గు ఆపకుండానే, "హుందాగా నడిస్తే కొడుకు దగ్గరికి చేరేలోపు పొద్దుపోతుంది" అన్నాడు. కోత అక్క నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది, క్షమించు.

సాయంత్రం తలుపు వేసే పని నాకిచ్చారు. మూడుసార్లు పిలిచాను. "ఎలకలు కూడా ఇళ్లకెళ్లాయి, ఎవర్నే పిలుస్తున్నావు?" అంది కోత అక్క. మేస్త్రి మాత్రం చాలాసేపు నా వైపు చూసి, లేచి వెళ్లిపోయాడు.

నీ పిచ్చుక

*

కొలిమి వీధి, వెనక గది
చలికాలం మొదటి నెల, 20
నా ఉత్తరం: రెండు

పిచ్చుకకు,

నీ ఉత్తరం ఆరు రోజులకు చేరింది. నాలుగుసార్లు చదివాను.

వాడి మీద నేను రాస్తున్న పుస్తకం నీకు ఎప్పుడూ చూపలేదు. ఎనిమిదేళ్లలో ముప్పై ఒక్క పద్దు. మొదటిది నిప్పు. రెండోది నీ నాన్న. మూడోది ఆ రోజు లెక్కలో తగ్గిన పలక: సాయంత్రం ఎర్ర పలకలు ఎంచితే తొంభై ఆరుకు తొంభై అయిదే తేలాయి. ఆ పలక ఎవరు తీశారో నాకు అనుమానం లేదు. ఏడోది గుమ్మంలో నీ నాన్న చెప్పులు, నేను ఇప్పటికీ తీయలేకపోయినవి. పందొమ్మిదోది, నీ పదమూడో ఏట జ్వరంలో నువ్వు మూడు రోజులు "నాన్నా" అని కలవరించడం. రోజుకెన్నిసార్లో కూడా రాశాను.

ఈ పూట ముప్పై రెండోది రాశాను: వాడి మాటకు నా మనవరాలు నవ్వడం.

వాడి మాటలు బాగుంటాయి. చిన్నప్పుడూ అంతే. చేసిన తప్పుకు నేను బెత్తం తీస్తే, కొట్టేలోపే నన్ను నవ్వించేవాడు. నవ్వినందుకు తర్వాత ఇంకో రెండు తగిలించేదాన్ని. నువ్వు నీ పని చూడు. మొదటి పలక ఎప్పుడు పోస్తున్నావో తేదీ రాయి. చల్లార్చే గూట్లో రెండు రోజులు కదపకు. తొందరపడితే చిట్లుతుంది.

వాడి చేతుల గురించి మళ్లీ రాయకు. అవి వాడు సంపాదించుకున్నవి.

నానమ్మ

*

కిటికీల పనిశాల, అటక గది
చలికాలం రెండో నెల, 9

నానమ్మకు,

జవాబు ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది.

మొదటి పలక పోశాను. చల్లార్చే గూట్లో పగిలిపోయింది. తప్పు నాదే, తొందరపడ్డాను. ముక్కలు పారేశాను.

ఇక్కడ చలి ఎక్కువ. కోత అక్క తన పాత చేతితొడుగులు ఇచ్చింది. అన్నం బాగానే తింటున్నాను.

ఒక సంగతి అడగాలి. ఆ రోజు నువ్వు తాళం వేసేముందు మూడుసార్లు పిలిచావు కదా? గట్టిగానే పిలిచావా? ఊరికే అడుగుతున్నాను. నువ్వు రోజువారీ పుస్తకం రాస్తావు కదా, ఆ రోజు పేజీలో ఏం రాశావో నాకు పంపగలవా?

నీ పిచ్చుక

*

కొలిమి వీధి, వెనక గది
చలికాలం రెండో నెల, 16
నా ఉత్తరం: మూడు

పిచ్చుకకు,

నిన్ను పెంచింది నేను. నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు అన్నం బాగానే తింటున్నానంటావు.

మన ఇంట్లో పగిలిన గాజు ఎవరూ పారేయరు. ముక్కలు మళ్లీ కరిగిస్తాం. నాలుగేళ్ల వయసులో నీకు అది తెలుసు. పారేశానని రాశావంటే పలక పగల్లేదు. పగల్లేదంటే నువ్వు దాన్ని పొద్దుటి ఎండలో పట్టి చూశావు. చూసి, నాకు చెప్పకుండా చలి గురించి రాశావు.

పైగా నన్ను విచారణ చేస్తున్నావా? పిలిచానా, గట్టిగా పిలిచానా అని! నలభై ఏళ్లు ఆ తలుపు వేశాను. ఒక్క రోజూ పిలవకుండా వేయలేదు. సంఘం ముందు ప్రమాణం చేసి చెప్పాను. పెద్దవాళ్లు నమ్మిన మాట నీకు చాలలేదా? ఆ రోజు పేజీ లేదు. ఇంటికి నిప్పంటుకున్న రోజు పుస్తకం ఎవరు రాస్తారు?

వాడు నీకు ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నాకు రాయి. వాడి ముప్పై రెండు పద్దులకూ ఒకే రోజు సమాధానం చెప్పిస్తాను. నా కొడుకు ఊపిరాడక ఆ తలుపును ఎన్నిసార్లు కొట్టాడో నాకు తెలియదు. నాకు తెలియని లెక్క అదొక్కటే. అది వాడి నోట, అంతమంది ముందు చెప్పించాలి. ఆ తర్వాత నేను చచ్చినా ఫరవాలేదు.

పలక తయారుగా ఉంచు. వసంతానికి ముందే బయల్దేరతాను.

నానమ్మ

*

కిటికీల పనిశాల, అటక గది
చలికాలం రెండో నెల, 24

నానమ్మా,

అబద్ధం చెప్పాను. ఇప్పుడు చెప్పను. కూర్చుని చదువు.

పలక బాగా వచ్చింది. ఇంత మంచి ఎరుపు నేనెప్పుడూ పోయలేదు. తెల్లవారగానే అటక కిటికీలో పెట్టి, ఎదుటి గోడకు దుప్పటి కట్టి కూర్చున్నాను. వాడి ముఖం చూడాలని ఎంత ఆత్రపడ్డానో నీకు తెలుసు. తలుపు తన ముందు జరిగిందంతా చూపించింది.

ముందు నువ్వు కనిపించావు. చేతిలో తాళం, చంకలో పుస్తకం. కోపంగా ఉన్నావు. బొమ్మకు మాట ఉండదని నువ్వే చెప్పావు, అందుకే నీ పెదవులే చూశాను. నానమ్మా, నీ పెదవులు కదల్లేదు. ఒక్కసారి కూడా. తాళం తిప్పి వెళ్లిపోయావు.

తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తర్వాత తలుపు అదరడం మొదలైంది. చెక్క సందుల్లోంచి పొగ. అప్పుడు వాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. చంకలో గుడ్డచుట్ట ఒకటి ఉంది, దాన్ని గడ్డిలో పడేశాడు. తలుపుకు అడ్డంగా ఇనప పట్టీ ఉండేది, గుర్తుందా? అది ఎర్రగా కాలి ఉంది. దాన్ని రెండు అరచేతులతో పట్టుకుని లాగాడు. వదల్లేదు. తలుపు ఊడి వాడి మీద పడేదాకా వదల్లేదు. అక్కడితో బొమ్మ ఆగిపోయింది.

మూడు రోజులు నేను బట్టీ ముట్టలేదు. నాలుగో రోజు మేస్త్రి నా పక్కన కూర్చుని, "చూశావా?" అన్నాడు.

"నేనెవరో మీకెలా తెలుసు?"

"తలుపు వేసేముందు మూడుసార్లు పిలిచేవాళ్లు ఈ భూమ్మీద ఒక్క ఇంట్లోనే ఉన్నారు. మొదటి రోజే తెలిసింది."

"మరి బూడిద కలుపుతుంటే ఆపలేదేం?"

"మీ నాన్న బిడ్డవి. తెలుసుకునే హక్కు నీకుంది."

"రెండో తాళం చెవి మీ దగ్గర ఉండేదట కదా?"

"మధ్యాహ్నమే పెద్దమ్మ పుస్తకం మీద పెట్టి బయటికొచ్చాను."

నిన్ను ఇప్పటికీ పెద్దమ్మ అనే అంటాడు. సంఘం ముందు ఎందుకు నోరు విప్పలేదని అరిచాను. కోత అక్క ఉలిక్కిపడి గాజు వంకరగా కోసింది. మేస్త్రి, "నేనూ శుద్ధుణ్ణి కాదమ్మా. కోపంతో ఒక పలక ఎత్తుకెళ్లాను. అది వెతకడానికే మీ నాన్న లోపల ఆగిపోయి ఉంటాడు. సాయంత్రం మనసు మారి తిరిగిచ్చేద్దామని వస్తే అప్పటికే పొగ. బట్టీ దగ్గర గడ్డికి నిప్పురవ్వ తగిలినట్టుంది, ఎవరూ పెట్టింది కాదు. మర్నాడు పెద్దమ్మ నా మీద వేలు చూపించింది. ఆవిడకు కోపం మిగిలితే బతుకుతుంది, నిజం మిగిలితే బతకదు అనిపించింది. ఊరుకున్నాను" అన్నాడు.

ఆ పలక అంచు నుంచి గోరంత ముక్క కోసి ఇందులో పెట్టాను. నన్ను నమ్మకు. ఎండలో పట్టి నువ్వే చూసుకో.

పిచ్చుక

*

కొలిమి వీధి
తేదీ వేయడం లేదు

వాడు నీకేదో పెట్టాడు. గాజు పోయడం తప్పిపోయి ఉంటుంది, పాళ్లు తప్పితే బొమ్మలు తప్పుతాయి. నువ్వు పంపిన ముక్క పెరట్లో పాతేశాను. చూడలేదు. చూడను.

ముప్పై మూడు: నా మనవరాలిని నా మీదికి ఉసిగొల్పడం.

ఆ పలక కిటికీలో ఉండాలి. నేను వస్తున్నాను. అందరి కళ్లూ ఒకేసారి తప్పు చూడవు కదా. ఊరే చెబుతుంది ఎవరిది అబద్ధమో.

*

కిటికీల పనిశాల, అటక గది
చలికాలం మూడో నెల, 11

నానమ్మా, రావద్దు.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి సుత్తి పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క దెబ్బతో పలక పొడి అయిపోతుంది. కానీ పగలగొడితే ఆయన చేతులకు సాక్ష్యం ఉండదు. పెడితే నీ గతేమిటి? రెండు వైపులా నావాళ్లే, నేనేం చేయను?

మేస్త్రిని అడిగాను. "అది నీ పలక, పెట్టాలో వద్దో నువ్వే తేల్చు. మీ నానమ్మను మాత్రం ఆ రోజు ఇక్కడికి రానివ్వకు. దూరాన ఉంటే ఎవరో ఏదో అన్నారని కొట్టిపారేయొచ్చు. ఎదురుగా చూడటం వేరు" అన్నాడు.

నాకు కూడా నీ మీద కోపంగా ఉంది. చాలా. ఇన్నేళ్లు ఆయన్ని ద్వేషించమని నేర్పావు. అన్నం కలిపి పెట్టినట్టు రోజూ పెట్టావు. నేనూ రోజూ తిన్నాను. ఇప్పుడు ఆ కోపం అంతా నీవైపు తిరుగుతుంటే భయమేస్తోంది. నాకు మిగిలింది నువ్వొక్కదానివే.

పిచ్చుక

*

కొలిమి వీధి, వెనక గది
చలికాలం మూడో నెల, 19
నా ఉత్తరం: అయిదు (తేదీ లేని చీటీ నాలుగోది. అది కూడా లెక్కలోకే వస్తుంది)

పిచ్చుకకు,

నీ ఉత్తరం రాకముందే తవ్వి తీశాను. తొమ్మిది పొద్దులు చూశాను.

మొదటి పొద్దు నమ్మలేదు. రెండో పొద్దు అది ఎవరో వేరే ముసలిది అనుకున్నాను. మూడో పొద్దు నా రవికె చినుగు గుర్తుపట్టాను. ఆ తర్వాత నా కొడుకు తలుపు కొట్టిన దెబ్బలు ఎంచాను. అదరడం కనిపిస్తుంది కదా. నాకు తెలియని లెక్క ఇక తెలిసింది. అది ఎవరికీ చెప్పను.

ఆ రోజు పేజీ లేదని నీకు రాశాను. ఉండేది. నిప్పంటుకోకముందే, తాళం వేసి వచ్చి కూర్చుని రాశాను. చింపింది నేనే. అందులో ఉన్నది ఇప్పుడు రాస్తున్నాను, ఒక్క అక్షరం మారకుండా: "పెద్ద పనివాణ్ణి పంపేశాను. తాళం చెవి తిరిగి ఇచ్చాడు. పలకలు తొంభై ఆరుకు తొంభై అయిదు. ఈ ఇంట్లో అందరూ దొంగలే అన్న కోపంలో, పిలవకుండా తాళం వేశాను. రేపటి నుంచి ఇలా చేయకూడదు."

రేపటి నుంచి! అలా రాశాను.

చించాక, పిలిచానని నాకు నేను చెప్పుకున్నాను. సంఘం ముందు చెప్పాను. చెప్పి చెప్పి నా గొంతు నాకే వినిపించడం మొదలైంది, మూడుసార్లూ. అందుకే ఆ బూడిద నీ చేతికి ధైర్యంగా ఇవ్వగలిగాను. నిన్ను మాత్రం ఒక్క సాయంత్రం కూడా పిలవకుండా తలుపు వేయనివ్వలేదు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

ఎనిమిదేళ్లు నా కొడుకును చంపినవాళ్ల కోసం వెతికాను. దొరికారు. దొరికినవాళ్లను వదలడం నాకు చేతకాదని నీకు తెలుసు. కాబట్టి విను. పలక పగలగొట్టకు. కిటికీలో పెట్టు. ఇది నా ఆజ్ఞ. ఆదివారం పొద్దున ఆ వెలుగు సరిగ్గా ఎక్కడ పడుతుందో ముందే కొలిచి, అక్కడ నాకు ఒక పీట వేయించు.

రేపటి బండికి బయల్దేరుతున్నాను. జవాబు రాయకు, అందదు.

నానమ్మ

*

కిటికీల పనిశాల, అటక గది
వసంతం మొదటి నెల, 3

నానమ్మకు,

నువ్వు నాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా మధ్యాహ్నం బండికే వెళ్లిపోయావు. పరిగెత్తాను, అందలేదు. అందుకే రాస్తున్నాను. నువ్వు అక్కడే ఉన్నావు, కానీ నేల మీది నుంచి తల ఎత్తలేదు. నాకు కనిపించింది నీకు కనిపించి ఉండదు.

నువ్వు చెప్పినట్టే పలక బిగించాను. శనివారం సాయంత్రం గాజును పట్టి ఉంచే సీసపు పట్టీలు నా చేత్తోనే వత్తాను. పీట వేయించాను. వేస్తూ ఏడ్చాను, ఈసారి దాచడం లేదు.

ఆదివారం వెలుగు వచ్చింది. జనం పాట ఆపేశారు. నీ ముందు నేల మీద పడింది ఆ తలుపు కాదు. పొయ్యి. పొయ్యి మీద గిన్నె. గిన్నె పక్కన ఇద్దరు పిల్లలు. ఒకడు నాన్న. ఆ ముక్కు నాది, నాకు తెలిసిపోయింది. రెండోవాడు నాన్న కంటే బక్కగా ఉన్నాడు. మూత తీసి, వేళ్లతో దొంగతనంగా తింటున్నారు. వేడికి చేతులు విదిలిస్తూ, ఒకడి నోట్లో ఒకడు పెడుతూ. నవ్వుతున్నారు. తర్వాత ఒక చెయ్యి వచ్చి ఇద్దరి చెవులూ పట్టుకుంది. నీ చెయ్యి.

నాకేమీ అర్థం కాలేదు. మేస్త్రి వైపు చూస్తే స్తంభం వెనక నిలబడి ఉన్నాడు. నేను బిగించి వెళ్లాక వచ్చి మార్చేశాడట. ఆ చేతులతో పట్టీలు విప్పలేక కోత అక్కను బతిమాలాడట. "జీవితంలో మొదటిసారి ఆయన్ని తిట్టకుండా పని చేసిపెట్టాను" అంది ఆవిడ. పెట్టింది ఏ పలకో తెలుసా? తను ఎత్తుకెళ్లినది. గుడ్డచుట్టలో గడ్డిలో పడేసినది. ఎనిమిదేళ్లు పెట్టెలో దాచాడు. అందులో ఏముందో ఆయనకు మొదటి నుంచీ తెలుసు. "అందరూ గిన్నె అడుగు అనుకుంటారు. ఈ పలకలో కలిసింది మేమిద్దరం కూర్చున్న పీట బూడిద, అది విరిగి పొయ్యిలోకి పోయింది మా చిన్నప్పుడే" అన్నాడు.

అప్పుడు నువ్వు లేచావు. ఎవరూ అడగలేదు. నీ నేరం చూపించే గాజు అక్కడ లేదు. వెళ్లిపోయి ఉండొచ్చు. "ఈ కిటికీ మీద చేసినవాడి ముద్ర లేదు. ఎందుకు లేదో చెప్తాను" అన్నావు. అంతా చెప్పావు. పిలవలేదని, ప్రమాణం చేసి అబద్ధమాడానని, పేజీ చించానని. మందిరం పెద్దాయన లేచి నిన్ను పట్టుకోబోతే, "నేను పడిపోను, కూర్చోండి" అన్నావు. అన్నీ అయ్యాక తలుపు దాకా నడిచి, అక్కడ ఆగి, వెనక్కి తిరగకుండా వాడి చిన్నప్పటి ముద్దుపేరుతో మూడుసార్లు పిలిచావు.

వాడి కాదు. ఆయన. ఎన్నిసార్లు దిద్దుకున్నా పాత అలవాటు వస్తోంది.

ఆయన స్తంభం పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. అందుకే పలకలేదు. వినలేదనుకోకు.

తలుపు పలక నా దగ్గరే ఉంది. ఏం చేయను?

నీ పిచ్చుక

*

కొలిమి వీధి, వెనక గది
వసంతం మొదటి నెల, 10
నా ఉత్తరం: ఆరు

చిరంజీవి పిచ్చుకకు నానమ్మ ఆశీస్సులు.

మాట్లాడకుండా వచ్చింది నీ మీద కోపంతో కాదు. నోరు తెరిస్తే ఏడుస్తానని. ఆ ఊళ్లో అప్పటికే నా గురించి కావలసినంత తెలిసింది.

తలుపు పలక కరిగించకు. జాగ్రత్తగా గడ్డిలో చుట్టి నాకు పంపు. నా గదికి తూర్పు కిటికీ ఉంది. అందులో పెట్టుకుంటాను. ఇది నన్ను నేను హింసించుకోవడం అని నువ్వు అంటావు. కావచ్చు. నా కోపానికి ఇంకా ఓపిక ఉంది, చిరునామా మాత్రమే మారింది. కొంతకాలం దాన్ని అక్కడ ఉండనీ.

ముందు చేయాల్సినవి చేశాను. దిగిన రోజే సంఘం తలుపు తట్టాను. పెద్దలందరూ వచ్చేదాకా మెట్ల మీద కూర్చున్నాను. చించిన పేజీ తిరిగి రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. కొందరు నన్ను తిట్టారు. సరిగ్గానే తిట్టారు. ఒకాయన "ముసలావిడ, పోనీలెండి" అన్నాడు. ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఆ కాలిన చేతులవాడి ముద్ర మళ్లీ పుస్తకంలోకి ఎక్కింది. ఇనుముతో కొత్తది కొట్టించాను. పట్టుకునేచోట లావుగా తోలు చుట్టించాను, ముడుచుకోని వేళ్లకు సరిపడేలా. ఈ టపాలోనే వస్తుంది. కిటికీ కింద మూలన వేయమను.

ముప్పై మూడు పద్దుల పుస్తకం పొయ్యిలో పెట్టాను. పెట్టేముందు చివరిసారి చదివాను. మూడోది తప్ప అన్నీ కొట్టేయాల్సినవే. ఆ బూడిద వేరే డబ్బాలో తీశాను. అది చివరిగా చూసింది నా ముఖమే కాబట్టి ఎవరికీ పనికిరాదు.

నీ కోపం సంగతి రాశావు. అది నేను పెట్టిందే. నా వైపు తిరిగితే తిరగనీ, భరిస్తాను. నీకు తగ్గిన రోజున రా. తగ్గకపోయినా రా.

వాడికి ఈ కింది నాలుగు ముక్కలు చదివి వినిపించు.

"ఒరేయ్, కాలిన చేతులకు నేను చెప్పగలిగిన మాట ఏ భాషలోనూ లేదు. అందుకే చెప్పడం లేదు. నన్ను క్షమించమని అడిగే ముఖం కూడా లేదు, నువ్వు నేను అడగకుండానే ఎనిమిదేళ్ల కిందట ఇచ్చేశావు, దాంతో నాకు అడిగే అవకాశం కూడా లేకుండా చేశావు. అది నాకు నచ్చలేదు.

ఎరుపు పాళ్లు రాసి పెట్టాను. రక్తం పంచుకున్నవాళ్లకే అని ఒకప్పుడు అన్నాను. ఆ తలుపుకు అంటుకుని ఉన్నది ఎవరి చర్మమో తొమ్మిది పొద్దులు చూశాక ఆ మాట నా నోట మళ్లీ రాదు. కాగితం టపాలో పంపను. వచ్చి తీసుకో.

కానీ పలక దొంగతనం సంగతి నేను మరచిపోలేదు. తొంభై ఆరో పలక. దానికి నువ్వు నా ఎదురుగా నిలబడి సమాధానం చెప్పాల్సిందే. వచ్చే నెల మొదటి ఆదివారం రా. భోజనం వేళకు రా. గిన్నె మూత నేనే తీస్తాను."

నానమ్మ